స్టోరేజీలో పెట్టిన ట్రైలర్ బ్యాటరీ నిలవాలంటే ఎంత సోలార్ కావాలి?

డాలస్_కృష్ణ
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ట్రక్కు వెనక కట్టి లాగే 24 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే చక్రాల మీది ఇల్లు. ఇంటి ముందు నిలపడానికి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఒప్పుకోరు కాబట్టి ఊరవతల ఆర్‌వీ (ఇలాంటి ప్రయాణపు ఇళ్ల) స్టోరేజీలో నెల అద్దె కట్టి పెడుతున్నాం. ఆరుబయట స్థలం. పైన షెడ్డు లేదు, కరెంటు పాయింటూ లేదు. బ్యాటరీ ట్రైలర్‌తో పాటు వచ్చిందే. గ్రూప్ 27 సైజు, నీళ్లు పోసే రకం లెడ్ యాసిడ్, దాదాపు 100 ఏహెచ్ (యాంప్-అవర్లు, బ్యాటరీ పట్టే చార్జి కొలత).

లేబర్ డే అయ్యాక తీసుకెళ్లి పెట్టాం. థాంక్స్‌గివింగ్ సెలవులకి బిగ్ బెండ్ వెళ్దామని మొన్న వెళ్తే టంగ్ జాక్ (ట్రైలర్ ముక్కుని పైకి లేపేది) మోటారులో చప్పుడే లేదు. మీటరు పెడితే 10.8 వోల్టులు. జాక్‌కి చేత్తో తిప్పే క్రాంకు ఉంది కాబట్టి ఎలాగో లేపి ట్రక్కుకి తగిలించాం. నేను వచ్చేసేటప్పుడు లైట్లు, ఫ్యాను, పంపు అన్నీ ఆపేసే వచ్చాను.

ఇప్పుడు సోలార్ పెడదామనుకుంటున్నా. క్లిప్పులతో సహా వచ్చే 20 వాట్ల మెయింటెయినర్ (బ్యాటరీ దిగకుండా కాపాడే చిన్న చార్జరు) ఒకటి చూశాను. అది చాలా? లేక పైకప్పు మీద 100 వాట్ల ప్యానెల్ బిగించాలా? రూఫ్‌కి బెజ్జాలు వేయడం మా ఆవిడకి బొత్తిగా ఇష్టం లేదు, నాకూ నీళ్లు కారతాయేమోనని భయం. వాడుతున్నవాళ్లు చెప్పండి.

---

ట్రైలర్_బాబాయ్
ఆదివారం, రాత్రి 10:25

కృష్ణా, ప్యానెల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ బ్యాటరీని ఏది తింటోందో తేలాలి. అది తేలకుండా ప్యానెల్ కొంటే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

అన్నీ ఆపేశాననుకుంటాం గానీ ట్రైలర్‌లో ఎప్పుడూ వెలుగుతూ ఉండేవి కొన్ని ఉంటాయి. ప్రొపేన్ లీకు కనిపెట్టే ఎల్‌పీ డిటెక్టర్ వాటిలో మొదటిది. దానికి స్విచ్ ఉండదు, ఉండకూడదు కూడా. స్టీరియో గడియారం, ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు ఆ తర్వాతవి. టీవీ ప్లగ్గు దగ్గర చిన్న ఆకుపచ్చ లైటు ఉన్న బటన్ ఒకటి ఉంటుంది చూడు, అది యాంటెన్నా బూస్టర్. చాలామంది దాన్ని ఎప్పుడూ ఆపరు, అసలు అక్కడ ఒకటి ఉందనే తెలియదు.

ఎంత లాగుతోందో కొలవడం తేలిక. అన్నీ ఆపి బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పు. మల్టీమీటర్‌ని 10 యాంప్‌ల సాకెట్‌లో పెట్టి, ఒక ముల్లు కేబుల్‌కి, రెండోది బ్యాటరీ పోస్టుకి ఆనించు. మీటరు మధ్యలో ఉండగా జాక్ గానీ స్లైడ్ (బయటికి జరిగే గది) గానీ నొక్కకు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. తర్వాత లోపల ఒక్కో ఫ్యూజూ తీస్తూ అంకె ఎక్కడ పడిపోతుందో చూడు.

ఇంకొకటి. దొంగల భయంతో కొందరు బ్రేక్‌అవే పిన్ను (ట్రైలర్ ట్రక్కు నుంచి ఊడిపోతే ఇది బయటికి వచ్చి బ్రేకులు పడతాయి) లాగేసి పెడతారు. నువ్వు అలా చేశావా? పిన్ను బయట ఉన్నంతసేపూ బ్రేకు మాగ్నెట్లకి కరెంటు పోతూనే ఉంటుంది. రెండు యాక్సిళ్ల ట్రైలర్ అయితే రాత్రికి రాత్రే బ్యాటరీ ఖాళీ. మాగ్నెట్లు కూడా కాలిపోవచ్చు.

---

పాలమూరు_ఇన్_ఆస్టిన్
ఆదివారం, రాత్రి 11:05

కృష్ణన్నా, ఇంత కథ ఎందుకే? నెగటివ్ కేబుల్ మీద ఒక నాబ్ స్విచ్ పెట్టుకో, పది పదిహేను డాలర్లల్ల వస్తది. పోయేటప్పుడు నాబ్ తిప్పి పో. ఏదీ తినదు, ఏదీ దిగదు. నేను గట్లనే చేస్తున్న, ప్యానెల్ లేదు, చార్జిని అదుపు చేసే కంట్రోలర్ లేదు, మస్తుగ నడుస్తున్నది.

---

డాలస్_కృష్ణ
సోమవారం, రాత్రి 8:15

బాబాయ్ గారూ, పిన్ను లాగలేదండీ, అది లోపలే ఉంది. బ్యాటరీ ఇంటికి తెచ్చి రాత్రంతా చార్జింగులో పెట్టి, సాయంత్రం మళ్లీ తీసుకెళ్లి మీరు చెప్పినట్టే కొలిచాను.

అన్నీ ఆపాక కూడా 0.18 యాంప్‌లు చూపించింది. యాంటెన్నా బటన్ నొక్కగానే 0.12కి పడింది. ఆ ఆకుపచ్చ లైటు మేం ట్రైలర్ కొన్నప్పటి నుంచీ వెలుగుతూనే ఉన్నట్టుంది. స్టీరియో ఫ్యూజు తీస్తే 0.09. మిగిలింది ఎల్‌పీ డిటెక్టరూ ఫ్రిజ్ బోర్డూ.

ట్రైలర్‌లో కంపెనీ ఇచ్చిన ‘స్టోర్’ స్విచ్ కూడా ఒకటి ఉంది, తలుపు పక్కన. అది నొక్కాక సున్నా వస్తుందనుకున్నా, రాలేదు. ఎల్‌పీ డిటెక్టర్ అలాగే పచ్చగా వెలుగుతోంది.

---

లెక్కల_మాస్టారు
సోమవారం, రాత్రి 9:30

కృష్ణ గారూ, మంచి పని చేశారు. కొలిచిన అంకె చేతికొచ్చాక లెక్క దానంతటదే నడుస్తుంది.

0.18 యాంప్ అంటే రోజుకి 24 గంటలకి 4.3 ఏహెచ్. 100 ఏహెచ్ బ్యాటరీ సగానికి రావడానికి పన్నెండు రోజులు చాలు. లెడ్ యాసిడ్‌ని సగం కంటే కిందికి దింపకూడదని అంటారు కదా, మీది సెప్టెంబరు నెలలోనే ఆ గీత దాటి, నెలాఖరుకి అడుగంటింది. ఆ తర్వాత రెండు నెలలూ అలా ఖాళీగానే పడి ఉంది.

ఇప్పుడు 0.09 అనుకుందాం. రోజుకి 2.2 ఏహెచ్. దీనికి బ్యాటరీ తనంతట తాను దిగిపోయేది కలపాలి. నీళ్ల బ్యాటరీ మామూలు వేడిలో నెలకి సుమారు 5 శాతం దిగుతుంది, అంటే రోజుకి 0.2 లోపు. మొత్తం 2.4 ఏహెచ్ అనుకోండి.

ప్యానెల్ వైపు చూద్దాం. మీ దగ్గర డిసెంబరులో, బల్లపరుపుగా పెట్టిన ప్యానెల్‌కి నిండు ఎండ రోజుకి రెండున్నర గంటలని పట్టుకోండి. 20 వాట్ల ప్యానెల్ నిండు ఎండలో సుమారు 1.1 యాంప్ ఇస్తుంది. రెండున్నరతో హెచ్చిస్తే 2.75. దుమ్ము, మబ్బు, వైరు నష్టం కింద ఐదో వంతు తీసేయండి, 2.2 మిగులుతుంది. ఖర్చు 2.4, రాబడి 2.2. నాలుగు రోజులు ముసురు పట్టిందా, లోటు పూడదు. 50 వాట్లయితే ఇదే లెక్కన రోజుకి 5.5 వస్తుంది, ఖర్చుకి రెట్టింపు పైనే. కాబట్టి మీ ట్రైలర్ ఇప్పుడున్న స్థితిలో 20 చాలదు, 50 చాలు, 100 అయితే వెనక్కి తిరిగి చూడక్కర్లేదు.

ఆస్టిన్ మిత్రులు చెప్పిన నాబ్ స్విచ్ పెడితే మాత్రం ఖర్చు రోజుకి 0.2కి పడిపోతుంది. అప్పుడు 10 వాట్ల ప్యానెల్ కూడా ఎక్కువే.

---

ట్రైలర్_బాబాయ్
సోమవారం, రాత్రి 10:10

మాస్టారి లెక్కకి దండం. కృష్ణా, ఆ ‘స్టోర్’ స్విచ్‌ని నమ్ముకోకు. చాలా ట్రైలర్లలో అది ఇంట్లో లైట్లనీ పంపునీ ఆపుతుంది గానీ ఎల్‌పీ డిటెక్టర్, బ్రేక్‌అవే, ఒక్కోసారి జాక్, ఇవన్నీ దానికి ముందే నేరుగా బ్యాటరీకి తగిలించి ఉంటాయి.

పాలమూరు తమ్ముడు చెప్పిన నాబ్ మంచిదే, నేనూ పెట్టాను. కానీ అది ఒక్కటే చాలు అంటే ఒప్పుకోను. నేనుండేది ఫీనిక్స్‌లో. వేడి 18 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగితే బ్యాటరీ తనంతట తాను దిగే వేగం సుమారు రెట్టింపవుతుంది. 77 డిగ్రీల దగ్గర నెలకి 5 శాతమైతే 95 దగ్గర 10. నల్ల ప్లాస్టిక్ బ్యాటరీ డబ్బా జూలై ఎండలో ఎంత కాగుతుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. మే నెలలో నాబ్ తిప్పి వెళ్లి ఆగస్టు చివర్లో వస్తే మూడో వంతు పోయి ఉంటుంది. అన్నాళ్లు అరకొర చార్జితో కూర్చుంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ ఎంత చార్జి చేసినా ఆ మేరకి కెపాసిటీ తిరిగి రాదు.

---

పాలమూరు_ఇన్_ఆస్టిన్
సోమవారం, రాత్రి 10:40

బాబాయ్, ఎండాకాలం మాట నిజమే, కాదనను. కాకపోతే నేను ఎండకాలమంతా నెలకోసారన్న బండి తీస్త, ట్రక్కు నడిచినంతసేపు ఏడు పిన్నుల ప్లగ్గుల నుంచి ఎంతో కొంత చార్జి అయితది, క్యాంపుల కరెంటు ఉంటే నిండుతది. తీసి వాడేటోళ్లకు నాబ్ చాలు. నెలల తరబడి మర్చిపోయేటోళ్లకే ప్యానెల్ కావాలె. కృష్ణన్న ఏ రకమో ఆయననే చెప్పాలె.

---

సుజాత_ఆన్‌ఆర్బర్
మంగళవారం, ఉదయం 7:50

మీరంతా ఎండ ఉన్న ఊళ్ల నుంచి మాట్లాడుతున్నారు, మిషిగన్ సంగతి కూడా చెప్పనివ్వండి.

మా దగ్గర డిసెంబరులో పరుచుకుని ఉన్న ప్యానెల్‌కి నిండు ఎండ రెండు గంటలు కూడా దక్కదు, అదీ మంచు లేని రోజున. మంచు పడితే ప్యానెల్ మీద అంగుళం చాలు, రాబడి సున్నా. రూఫ్ ఎక్కి తుడవడానికి ఎవరు వెళ్తారు? అందుకే మా ఇంట్లో అక్టోబరు చివర్లో నీళ్ల లైన్లు వింటరైజ్ (చలికి పగలకుండా సిద్ధం) చేసిన రోజే బ్యాటరీ విప్పి బేస్‌మెంటులోకి తెచ్చేస్తాం. చిన్న మెయింటెయినర్‌కి తగిలించి ఏప్రిల్ దాకా అక్కడే.

కొత్తవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. నిండుగా చార్జి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మా చలికి గడ్డకట్టదు. యాసిడ్ చిక్కగా ఉంటుంది కాబట్టి సున్నాకి 70 డిగ్రీల ఫారెన్‌హీట్ కింద దాకా ఓర్చుకుంటుంది. ఖాళీ అయిన బ్యాటరీలో ఉన్నది దాదాపు నీళ్లే. 20 డిగ్రీలకే గడ్డకట్టి పెట్టె పగిలిపోతుంది. మా స్టోరేజీలో పక్క ట్రైలర్ బ్యాటరీకి ఒక పక్క ఉబ్బి, మూల దగ్గర సన్నగా చీలింది. వసంతంలో ఆ కింద ఇనుప ట్రే అంతా తెల్లగా పొక్కి, పెయింటు ఊడి ఉంది. అంత బరువు మోయలేనివాళ్లు నిండుగా చార్జి చేసి, నెగటివ్ విప్పేసి వదిలేసినా మా చలికి పరవాలేదు. చలిలో బ్యాటరీ చాలా నెమ్మదిగా దిగుతుంది.

---

లెక్కల_మాస్టారు
మంగళవారం, ఉదయం 9:05

సుజాత గారు చెప్పింది ఎంతో ముఖ్యం. అలాంటి ఊళ్లలో ప్యానెల్ పెట్టదలచుకుంటే పరిచి కాకుండా దక్షిణానికి బాగా నిలువుగా వాల్చాలి. శీతాకాలపు సూర్యుడు కిందగా ఉంటాడు కాబట్టి ఎండ సూటిగా తగులుతుంది, మంచు కూడా జారిపోతుంది.

---

సుబ్బు_శాక్రమెంటో
మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఒక సందేహం. చిన్న ప్యానెలే కదా, కంట్రోలర్ లేకుండా నేరుగా బ్యాటరీకి తగిలిస్తే ఏమవుతుంది? కొన్ని చవక ప్యానెళ్లు అలాగే క్లిప్పులతో అమ్ముతున్నారు.

---

ట్రైలర్_బాబాయ్
మంగళవారం, సాయంత్రం 6:30

సుబ్బూ, అయిదు వాట్ల లోపు బొమ్మలాంటి ప్యానెల్ అయితే నడిచిపోతుంది. అంతకు మించితే కంట్రోలర్ పెట్టాల్సిందే. 12 వోల్టుల ప్యానెల్ అని పేరే గానీ లోడు లేకుండా దాని వోల్టేజీ 21, 22 ఉంటుంది. నెలల తరబడి ఎవరూ చూడని బ్యాటరీకి అది ఆగకుండా ఎక్కిస్తూ పోతే నీళ్లు మరిగి, ప్లేట్లు బయటపడి, బ్యాటరీ చస్తుంది. దించకుండా కాపాడదామని పెట్టింది ఎక్కించి చంపుతుంది.

ఈ పనికి ప్యానెల్ నుంచి ఎక్కువ పిండే ఖరీదైన ఎంపీపీటీ రకం కంట్రోలర్ అక్కర్లేదు, మామూలు పీడబ్ల్యూఎం రకం చాలు. ఒకే ప్యానెల్, చిన్న కరెంటు, రోజంతా టైము ఉంది, తేడా ఏమీ తెలియదు. క్యాంపింగులో కూడా సోలార్ మీదే బతుకుదామనుకునేవాళ్లకే ఎంపీపీటీ.

బిగించేటప్పుడు వరస ముఖ్యం. ముందు బ్యాటరీని కంట్రోలర్‌కి కలపాలి, తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. కంట్రోలర్ తన ముందున్నది 12 వోల్టుల బ్యాటరీ అని ముందు గుర్తుపట్టాలి. బ్యాటరీ పాజిటివ్ పోస్టు పక్కనే ఫ్యూజు ఉండాలి, ప్యానెల్ దగ్గర కాదు, ఎందుకంటే షార్ట్ అయితే వైర్లని కాల్చేసేంత కరెంటు వచ్చేది బ్యాటరీ నుంచే.

బ్యాటరీ రకం సెట్టింగు చూసుకోండి. నీళ్ల బ్యాటరీకి చార్జి వోల్టేజీ 14.4 నుంచి 14.8, నిండాక నిలిపి ఉంచే ఫ్లోట్ 13.2 నుంచి 13.6. కుదిరితే వేడిని బట్టి వోల్టేజీ తగ్గించే సెన్సారు ఉన్న కంట్రోలర్ కొనండి. 104 డిగ్రీల వేడిలో ఫ్లోట్ 13.6 కాదు, 13.2 దగ్గర ఉండాలి. మా ఊళ్లో ఇది లేకపోతే నెలకోసారి నీళ్లు పోయాల్సి వస్తుంది.

ఇంకా, ట్రైలర్ పక్కన ‘సోలార్ రెడీ’ అని రెండు పిన్నుల పోర్టు ఉంటే దాన్ని గుడ్డిగా వాడకండి. కొన్ని రకాల పోర్టుల్లో ప్లస్సూ మైనస్సూ మిగతావాటికి తలకిందులుగా ఉంటాయి. మీటరు పెట్టి చూసి, తేడా ఉంటే తిప్పే అడాప్టర్ వేయండి. ఆ పోర్టు వెనకాల కంట్రోలర్ ఉందో లేదో కూడా చూడాలి. చాలావాటిలో ఉండదు, వైరు నేరుగా బ్యాటరీకే పోతుంది.

---

శ్రీదేవి_ఫ్రీమాంట్
మంగళవారం, రాత్రి 8:45

లిథియం వాళ్ల తరఫున నాలుగు మాటలు. మాది 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దీనికి పైన చెప్పినవి చాలా వరకు వర్తించవు. లెడ్ యాసిడ్ నిండుగా ఉంటేనే ఆరోగ్యం. లిథియానికి నెలల తరబడి నూరు శాతం దగ్గర కూర్చోవడమే మంచిది కాదు. స్టోరేజీకి ముందు సగానికీ అరవై శాతానికీ మధ్య తెచ్చి, పూర్తిగా విడదీసి వెళ్లిపోతాం. అది తనంతట తాను నెలకి రెండు మూడు శాతమే దిగుతుంది. సీజనంతా వదిలేసినా ఏమీ కాదు, సోలార్ అవసరమే లేదు.

రెండో సంగతి, 32 డిగ్రీల కంటే తక్కువ చలిలో లిథియానికి చార్జి ఎక్కించకూడదు, లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. మంచి బ్యాటరీల్లో బీఎంఎస్ (బ్యాటరీ లోపలి కాపలా సర్క్యూటు) తనే చార్జింగు ఆపేస్తుంది. చవకవాటిలో ఆ రక్షణ ఉందో లేదో చూసుకుని కొనండి. చలి ఊళ్లో బయట సోలార్‌కి తగిలించి వదిలేస్తే పొద్దున్నే ఎండ రాగానే సరిగ్గా ఆ తప్పే జరుగుతుంది.

---

పాలమూరు_ఇన్_ఆస్టిన్
మంగళవారం, రాత్రి 9:10

అక్కా, గది విడదీసినప్పుడు మాట. విడదీయకుంటే ఎల్‌పీ డిటెక్టర్ లిథియాన్ని కూడా తింటది. అడుగు దాక తింటే బీఎంఎస్ బంద్ అయి, కొన్ని చార్జర్లు దాన్ని మళ్ల లేపవు కూడా. ఏ బ్యాటరీ అయినా నాబ్ మాత్రం కావాలె.

---

శ్రీదేవి_ఫ్రీమాంట్
మంగళవారం, రాత్రి 9:25

అవును తమ్ముడూ, ఆ మాట నిజం. నాబ్ విషయంలో నీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తా.

---

వాసు_చార్లెట్
బుధవారం, ఉదయం 8:00

మాది ట్రైలర్ కాదు, తనకే ఇంజన్ ఉన్న క్లాస్ సీ మోటర్‌హోమ్. రూఫ్ మీద కంపెనీ వేసిన 190 వాట్ల సోలార్ ఉంది, ఇంటి బ్యాటరీలు ఎప్పుడు చూసినా నిండుగా ఉంటాయి. కానీ రెండు నెలలు నిలిపితే ఇంజన్ స్టార్ట్ కావట్లేదు. సోలార్ ఉండి కూడా ఇదేంటి?

---

ట్రైలర్_బాబాయ్
బుధవారం, ఉదయం 8:40

వాసూ, మోటర్‌హోమ్‌లో ఇంటి బ్యాటరీ వేరు, ఇంజన్ బ్యాటరీ వేరు. మామూలుగా కంపెనీ వేసే సోలార్ ఇంటి వైపుకే పోతుంది. ఇంజన్ వైపు కంప్యూటర్లు, రేడియో, తాళం రిసీవరు కొద్దికొద్దిగా తింటూనే ఉంటాయి, దాన్ని నింపేవాడు లేడు. ఇంటి బ్యాటరీ వోల్టేజీ 13 దాటినప్పుడు కాస్త కరెంటు ఇంజన్ బ్యాటరీకి మళ్లించే చిన్న పెట్టెలు దొరుకుతాయి. మూడే వైర్లు, అరగంట పని. అది వద్దనుకుంటే ఇంజన్ బ్యాటరీకి విడిగా ఒక 10, 20 వాట్ల ప్యానెల్ కంట్రోలర్‌తో పెట్టు. దాన్ని విండ్‌షీల్డు లోపల డాష్ మీద పెట్టేవాళ్లూ ఉన్నారు గానీ అద్దం కొంత ఎండని ఆపేస్తుంది, కాబట్టి వాట్లు కాస్త ఎక్కువే చూసుకో.

---

మూర్తి_మియాపూర్
బుధవారం, ఉదయం 10:30

నమస్కారం. హైదరాబాదు నుంచి రాస్తున్నాను. మాకు ఆర్‌వీ లేదు గానీ సమస్య ఇదే. పిల్లల దగ్గరికి అమెరికా వచ్చి నాలుగైదు నెలలు ఉంటాం. తిరిగి వెళ్లేసరికి అపార్ట్‌మెంట్ సెల్లారులో కారు బ్యాటరీ చచ్చి ఉంటుంది. వాచ్‌మన్‌కి తాళాలిచ్చి వారానికోసారి స్టార్ట్ చేయమంటే ఉపయోగం ఉంటుందా?

---

పాలమూరు_ఇన్_ఆస్టిన్
బుధవారం, రాత్రి 7:15

మూర్తి సార్, సెల్లారుల ఎండ రాదు కాబట్టి సోలార్ మాట మర్చిపోండి. వారానికి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే స్టార్టర్ తిన్నది కూడా వాపస్ రాదు. అరగంట రోడ్డు మీద తిప్పితేనే ఫాయిదా. నమ్మకమైన మనిషి లేకుంటే బయలుదేరే ముందు బ్యాటరీ నిండుగ చార్జి చేయించి, నెగటివ్ టెర్మినల్ విప్పి గుడ్డ చుట్టి పెట్టున్రి, 10 నంబరు స్పానర్ చాలు. కరెంటు లేకుంటే రిమోట్ పనిచెయ్యదు, రిమోట్ లోపల ఉన్న ఇనుప తాళంచెవి పనిచేస్తదో లేదో పోయే ముందే చూసుకోండి. మా నాయిన మహబూబ్‌నగర్ల ఇట్లనే చేస్తడు.

---

రమ_హ్యూస్టన్
బుధవారం, రాత్రి 8:50

మా ట్రైలర్‌కి పైన రేకుల షెడ్డు ఉంది. వడగళ్ల భయంతో ఎక్కువ అద్దె కట్టి షెడ్డు కింద తీసుకున్నాం. ఇప్పుడు సోలార్ పెట్టే దారి ఏదైనా ఉందా? బయట ప్యానెల్ పెట్టి వైరు లాగుదామంటే స్టోరేజీ వాళ్లు మన గీతల బయట ఏదీ పెట్టనివ్వరు.

---

లెక్కల_మాస్టారు
బుధవారం, రాత్రి 9:20

రమ గారూ, షెడ్డు నీడలో ప్యానెల్ నుంచి వచ్చేది నిండు ఎండలో వచ్చేదానిలో కొద్ది శాతమే. 100 వాట్లు పెట్టినా 5 వాట్ల పని చేస్తుంది. తూర్పు గానీ పడమర గానీ తెరిచి ఉండి, రోజుకి ఒకటి రెండు గంటలు ఏటవాలు ఎండ లోపలికి పడుతుంటే, అటు వైపు ట్రైలర్ నిచ్చెనకో బంపరుకో ప్యానెల్‌ని నిలువుగా కట్టి చూడవచ్చు. అదీ నాబ్ స్విచ్ తిప్పాకే, ఖర్చు 0.2 ఏహెచ్‌కి తగ్గితేనే సరిపోతుంది. ఎండ అసలు రాకపోతే సుజాత గారి పద్ధతే, బ్యాటరీ ఇంటికి తెచ్చుకోండి.

నీడ గురించి ఒక మాట, ఆరుబయట ఉన్నవాళ్లకి కూడా. ప్యానెల్‌లో సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. ఏసీ డబ్బా నీడ ఒక మూల పడినా ఆ మూల వరకే తగ్గుతుందనుకోకండి, మొత్తం రాబడి సగానికీ అంతకంటే కిందికీ పోవచ్చు. శీతాకాలంలో పక్కనున్న ఎత్తు ఆర్‌వీ నీడ ఎంత దూరం వస్తుందో చూసి స్థలం ఎంచుకోండి.

---

డాలస్_కృష్ణ
శనివారం, రాత్రి 9:00

అందరి మాటా విన్నాక ఇలా చేశాను.

పాత బ్యాటరీని చార్జి చేశాక ఒక రోజు ఆగి హైడ్రోమీటర్‌తో (యాసిడ్ చిక్కదనం కొలిచేది) చూస్తే అయిదు గదుల్లో 1.240 పైన ఉంది, ఒక గదిలో 1.150 దాటలేదు. ఆటో పార్ట్స్ షాపులో ఉచితంగా లోడ్ టెస్ట్ చేసి మార్చాల్సిందే అన్నారు. అదే సైజు కొత్తది తీసుకున్నా, పాతది ఇస్తే కోర్ డిపాజిట్ (పాత బ్యాటరీ కోసం కట్టించుకునే సొమ్ము) తిరిగి ఇచ్చారు.

50 వాట్ల గట్టి ప్యానెల్ కొన్నా. రూఫ్ జోలికి పోలేదు. ముందు ఏ-ఫ్రేమ్ (ట్రక్కుకి తగిలించే ముక్కు చట్రం) మీద, గ్యాస్ సిలిండర్ల మూత వెనకాల, అల్యూమినియం యాంగిల్స్ రెండు యూ-బోల్టులతో బిగించి దాని మీద వాల్చాను. మా స్లాటులో ట్రైలర్ ముక్కు దక్షిణానికే ఉంది, అది కలిసొచ్చింది. దొంగల కోసం మామూలు స్క్రూలు కాకుండా మధ్యలో పిన్ను ఉన్న టార్క్స్ స్క్రూలు వేశాను.

నెగటివ్ మీద నాబ్ పెట్టాను. కంట్రోలర్ వైర్లు రెండూ నాబ్‌కి బ్యాటరీ వైపునే, నేరుగా పోస్టులకే బిగించాను, ప్లస్ దగ్గర 5 యాంప్‌ల ఫ్యూజుతో. నాబ్ తిప్పితే ట్రైలర్ మొత్తం ఆగిపోతుంది, ప్యానెల్ మాత్రం బ్యాటరీకి ఎక్కిస్తూనే ఉంటుంది. ఎల్‌పీ డిటెక్టర్ కూడా ఆగుతుంది కాబట్టి రెండు సిలిండర్ల వాల్వులూ మూసేశాను. తీసేటప్పుడు ముందు నాబ్, డిటెక్టర్ లైటు పచ్చగా మారాక గ్యాసు, ఆ వరసలోనే తెరవాలని తలుపు లోపల కాగితం అంటించింది మా ఆవిడ.

ఈ రోజు మధ్యాహ్నం మీటరు పెడితే 13.6 చూపించింది. అంటే బ్యాటరీ నిండినట్టేనా?

---

ట్రైలర్_బాబాయ్
శనివారం, రాత్రి 9:35

శభాష్ కృష్ణా, కంట్రోలర్ వైర్లని నాబ్‌కి బ్యాటరీ వైపు పెట్టావు చూడు, అదే అసలు కిటుకు. అవతలి వైపు పెట్టి ఉంటే నాబ్ తిప్పగానే ప్యానెల్ కూడా తెగిపోయేది.

మధ్యాహ్నం చూసిన 13.6 బ్యాటరీది కాదు, కంట్రోలర్ పట్టుకుని ఉన్న వోల్టేజీ. పాత బ్యాటరీ పెట్టినా అదే చూపిస్తుంది. తెల్లవారుజామున, ప్యానెల్ మీద వెలుతురు పడకముందు చూడు. 12.6, 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే మూడు వంతులు. 12.1 కనిపిస్తే సగానికి వచ్చింది, ఎక్కడో తేడా ఉంది. పొద్దున్నే వెళ్లలేకపోతే ప్యానెల్ ప్లగ్గు పీకి, రెండు మూడు నిమిషాలు ఒక లైటు వెలిగించి ఆపి, ఓ గంట ఆగి కొలువు.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా రెండు నెలలకోసారి మూతలు తీసి నీళ్లు చూడు. ప్లేట్లు మునిగి ఉండాలి. డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్లు వద్దు. నిండుగా చార్జి అయ్యాకే పోయి, ముందే పోస్తే చార్జింగులో పొంగుతుంది.

---

డాలస్_కృష్ణ
ఆదివారం, ఉదయం 7:10

ఇప్పుడే స్టోరేజీ నుంచి. వెలుతురు రాకముందు 12.68. గేటు ఆరింటికి తెరుస్తారు కాబట్టి కుదిరింది.

---

రమ_హ్యూస్టన్
ఆదివారం, ఉదయం 9:45

కృష్ణ గారూ, ఆ యాంగిల్స్ ఎంత పొడవు కోశారో, యూ-బోల్టుల సైజు ఎంతో చెప్పగలరా? మా షెడ్డుకి తూర్పు పక్క ఖాళీయే. వెనక బంపరు మీద అలాంటిదే ప్రయత్నిద్దామని ఉంది.

---

డాలస్_కృష్ణ
ఆదివారం, ఉదయం 10:20

తప్పకుండా అండీ. యాంగిల్స్ ప్యానెల్ వెడల్పు కంటే రెండంగుళాలు ఎక్కువ ఉండేలా కోశాను. యూ-బోల్టులు మాత్రం నా ఫ్రేము కొలతకి తెచ్చినవి. మీ బంపరు ట్యూబు ఎంత వెడల్పో కొలిచి దానికి తగ్గవి తీసుకోండి, చాలా బంపర్లు 4 అంగుళాల చదరపువి ఉంటాయి. లోపలి పక్క రబ్బరు ముక్క వేసి బిగించండి, లేకపోతే దారిలో అదిరి పెయింటు గీసుకుంటుంది. బండి కదిలించే ముందు ప్యానెల్ విప్పి లోపల పెట్టేయండి, బంపరు మీద గాలికి నిలవదు.